నిచ్చెన నిలిచింది, సిగ్నేచర్ నిలవలేదు: ఇయర్‌బుక్ పదకోశంతో పదేళ్లు

హనుమకొండలో మా బడి వార్షిక సంచిక పని నా మెడకు చుట్టుకుని పదేళ్లు దాటింది. తెలుగు పండితుడిని కాబట్టి అక్షరం ఉన్న పనులన్నీ నావేనని హెడ్మాస్టరు గారి లెక్క. ఓనమాలు తెలియని ఆ మొదటి ఏడాది, అమెరికా బడుల కోసం తయారైన ఇయర్‌బుక్ పదకోశం, అంటే వార్షిక సంచిక పనిలో వాడే మాటల పట్టిక, ఒకటి దొరికితే ఆరు కాగితాల మీద ప్రింటు తీసుకున్నాను. ఇప్పుడు వాటి అంచులు నా పెన్సిలు రాతతో నిండిపోయాయి. ఇన్నేళ్లు వాడాక నా అభిప్రాయం ఇది: ప్రణాళిక వేసుకునేంత వరకు అది చేయి పట్టుకుని నడిపిస్తుంది, ప్రెస్సు గుమ్మం దగ్గర వదిలేస్తుంది.

నాకు అన్నిటికన్నా అక్కరకొచ్చిన మాట 'ల్యాడర్'. ఎదురెదురు పేజీలు పక్కపక్కనే కనిపించేలా, ఏ పేజీలో ఏమి వస్తుందో పైనుంచి కిందికి గీసుకునే పట్టిక. మేము దాన్ని నిచ్చెన అనేశాం. "సార్, ఈసారి బతుకమ్మ ఫోటోలు ఏ మెట్టు మీద?" అని డ్రాయింగు మాస్టారు ఇప్పుడు మామూలుగా అడిగేస్తారు. మొదటి రెండేళ్లు చదివి కూడా దాన్ని పట్టించుకోలేదు. ప్రెస్సుకు పంపే రోజున ఒక అధికారి గారి సందేశం వచ్చిపడింది. 64 పేజీలు 65 అయ్యాయి. పుస్తకంలో ఒక్క పేజీ పెరగడమనేది ఉండదు, కాగితం మడత నాలుగు పేజీలు అడుగుతుంది. మిగిలిన మూడు పేజీలు నింపడానికి ఆ రాత్రి నేనే సామెతలు ఏరి కూర్చాను. అప్పటినుంచి సందేశాల కోసం రెండు మెట్లు ఖాళీగా వదులుతున్నాను.

'సిగ్నేచర్' దగ్గర మాత్రం పదకోశం నా పరువు తీసింది. ఒకే పెద్ద కాగితం మీద అటు 8, ఇటు 8 అచ్చువేసి మడిస్తే వరుసగా వచ్చే 16 పేజీల కట్ట అది. వరంగల్ చౌరస్తా దగ్గరి ప్రెస్సులో "మనకు ఎన్ని సిగ్నేచర్లు వస్తాయి?" అన్నాను. "మీ హెడ్మాస్టరు గారిది ఒక్కటి చాలదా సార్?" అన్నాడు యజమాని. అక్కడ దాని పేరు ఫారం. సరే, నేర్చుకున్నానని బడికొచ్చి "నాలుగు ఫారాలు కావాలి" అంటే గుమాస్తా బీరువా తెరిచి దరఖాస్తు ఫారాలు తెచ్చాడు. పుస్తకం వీపును గమ్ముతో అంటించే పర్ఫెక్ట్ బైండింగ్ ఇక్కడ గమ్ బైండింగ్, నడిమి మడత మీద పిన్నులు కొట్టే శాడిల్ స్టిచ్ ఇక్కడ సెంటర్ పిన్ను. ఇవన్నీ అంచుల మీద రాసుకున్నవే, పదకోశం చెప్పినవి కావు.

'గట్టర్' అనే మాట చదివి మురికికాలువ అనుకుని నవ్వుకున్నాను. రెండు పేజీలు కలిసే లోపలి అంచు అది. ఒక ఏడాది రామప్ప విహారయాత్ర గ్రూపు ఫోటోను రెండు పేజీలకూ పరిచాం. గమ్ బైండింగ్ లోపలి అంచును మింగుతుందని తెలిసి కూడా ఏమవుతుందిలే అనుకున్నాను. మధ్యలో నిలబడ్డ ఇద్దరు పిల్లలు మడతలో మునిగిపోయారు. ఒకమ్మాయి తల్లి నా ఎదుటే పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, రెండు అరచేతులతో అదిమి విప్పి చూసింది. గమ్ము టప్పున విరిగింది, అమ్మాయి చెవి వరకు కనిపించింది. ఇప్పుడు మడత మీదికి ముఖం రానివ్వను. సెంటర్ పిన్ను పుస్తకమైతే నట్టనడిమి రెండు పేజీలకు మాత్రం ఆ భయం లేదు, అక్కడ ఉన్నది ఒకే కాగితం.

తెలుగు అక్షరం గురించి ఆ పదకోశానికి ఏమీ తెలియదు. తెలియాలనడం అన్యాయమే, అయినా నా పని తెలుగులో కదా! వరుసల మధ్య ఎడాన్ని 'లెడింగ్' అంటుంది. సీసం అచ్చుల రోజుల్లో వరుసల మధ్య పెట్టిన సీసపు బద్దలనుంచి వచ్చిన మాట. అక్షరం కొలత మీద రెండు పాయింట్లు కలిపితే చాలంటుంది. 12 పాయింట్ల అక్షరానికి 14 పెట్టించాను. 'శాస్త్రం'లోని వత్తులు దిగి కింది వరుస గుడుల మీద కూర్చున్నాయి. మా సంచిక ఇప్పుడు 12కు 17.

'డ్రాప్ క్యాప్' ఇంకా ఘోరం. పేరా మొదటి అక్షరాన్ని పెద్దది చేయడం. కంప్యూటర్లో పేజీలు కూర్చే మా డీటీపీ కుర్రాడు వాడే పాత ఫాంటులో వత్తు వేరే ముక్క. 'జ్ఞాపకాలు'లో మొదటి అక్షరం పెద్దది చేయమంటే 'జా' ఒక్కటే పెరిగింది, ఞ వత్తు మామూలు కొలతలోనే పక్కకు పోయి నిలబడింది. జ్ఞాపకాలు కాస్తా జాపకాలయ్యాయి. ఇప్పుడు ఆ అలంకారమే మానేశాం.

అంగుళానికి ఆరు వచ్చే 'పైకా' అనే కొలతతో నాకు ఎన్నడూ పని పడలేదు, ఇక్కడ అంతా అంగుళాలు, మిల్లీమీటర్లే. 'బ్లీడ్' మాత్రం తప్పదు. ఫోటో అట్ట చివరి వరకు రావాలంటే కత్తిరింపు గీత దాటి 3 మిల్లీమీటర్లు బయటికి వెళ్లాలి, లేకపోతే కత్తి కాస్త జరిగినా తెల్లటి చార కనిపిస్తుంది. ఫోటో మసకబారకుండా అచ్చు కావాలంటే అంగుళానికి 300 చుక్కలు ఉండాలన్న మాట కూడా గోడకు అంటించాను. 1600 పిక్సెళ్ల వెడల్పు ఫోటో ఆ లెక్కన సుమారు అయిదుంపావు అంగుళాలకు మించి సాగదు, ఫోన్లలో చేతులు మారి కుదించుకుపోయిన ఫోటోలు తెచ్చేవారికి అదే చూపిస్తాను.

చివరి పేజీలో వేసే 'కలోఫన్' మొదట్లో ఆడంబరం అనిపించింది. ఫాంటు, కాగితం బరువు (చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో చెప్పే జీఎస్ఎమ్), ప్రతుల సంఖ్య, పని చేసినవారి పేర్లు. తరువాతి ఏడాది ప్రెస్సు యజమాని కిందటిసారి వాడిన కాగితం 70 జీఎస్ఎమ్మా, 80యా అని తలగోక్కుంటే ఆ పేజీ తీసి చూపించాను. అందులో తన పేరు చూసుకున్న డీటీపీ కుర్రాడు డబ్బులిచ్చి మరీ అయిదు ప్రతులు పట్టుకెళ్లాడు.