మా కార్డ్‌లెస్ ఫోను: నిండుగా చూపించి మోసం చేసే బ్యాటరీ గుర్తు

ఈ ఫోను తెర మీద కనిపించే బ్యాటరీ గుర్తంటే నాకు ఒళ్లు మంట. మిగతా విషయాల్లో ఇన్నేళ్లుగా బాగానే పనిచేసింది. అమ్మ రోజూ సాయంత్రం హైదరాబాదులోని పెద్దమ్మతో మాట్లాడుతుంది. మొబైల్ ఆమెకు పడదు, చెంప తగిలి ఏదో ఒకటి నొక్కుకుపోతుంది. ఈ ఫోనులో అంకెల బటన్లు చూడకుండానే చేతికి తెలుస్తాయి. అలాంటిది ఒక దశలో మూడు గీతలూ నిండుగా చూపిస్తూనే రెండు నిమిషాల్లో ఆగిపోవడం మొదలుపెట్టింది. కాసేపటికి అమ్మ మొబైల్ మోగేది: "పెట్టేశావేమిటే, కోపమొచ్చిందా?"

అందరూ లైను మీద అనుమానపడ్డారు. అది తేల్చుకోవడం తేలిక. బేస్‌కు, అంటే హ్యాండ్‌సెట్‌ను పెట్టే పీటకు, వచ్చే తీగను ఊడదీసి, అటక మీది పాత వైరు ఫోనుకు తగిలించాను. డయల్ టోన్ శుభ్రంగా వచ్చింది, ఎంతసేపు మాట్లాడినా తెగలేదు. అంటే లోపం కార్డ్‌లెస్‌లోనే. పక్కనున్న వైఫై వల్లేమోనని ఒకరన్నారు. మాది డెక్ట్ అనే రకం కార్డ్‌లెస్, అలాంటివి వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల్లో పనిచేయవు కాబట్టి ఆ వాదన నాకు ఎక్కలేదు.

వెనక మూత తీసి రెండు బ్యాటరీలనూ మల్టీమీటర్‌తో చూశాను. రాత్రంతా చార్జింగ్‌లో ఉన్నా ఒకటి 1.3 వోల్టులు చూపిస్తే, రెండోది 1 వోల్టు కూడా లేదు. రెండూ వరుసగా కలిసి పనిచేస్తాయి కాబట్టి ఒకటి చచ్చినా రెండోదాని బలం పనికిరాదు. పైగా ఈ నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీల వోల్టేజీ వాడకం పొడుగునా 1.2 దగ్గరే నిలిచి, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. వోల్టేజీని బట్టి గీతలు వేస్తే సగం ఖాళీ అయినదానికీ నిండుదానికీ తేడా సరిగ్గా తెలియదు. తెలియనప్పుడు నిండుగా చూపించడం ఎందుకు?

కొత్తవి కొనబోతే దుకాణంలో మామూలు ఆల్కలైన్ బ్యాటరీలు చేతిలో పెట్టారు. సైజు ఒకటే అయినా అవి ఇందులో వేయకూడదు. బేస్ వాటికీ చార్జింగ్ ఎక్కిస్తుంది. అవి కారిపోవచ్చు, పగిలే ప్రమాదం కూడా ఉంది. రీచార్జబుల్ అని రాసి ఉన్నవే అడిగి తెచ్చాను.

అయినా మర్నాడు సాయంత్రం మళ్లీ అదే కథ. ఈసారి హ్యాండ్‌సెట్‌ను బేస్ మీద పెట్టి కదలకుండా చూస్తూ కూర్చున్నాను. చార్జింగ్ గుర్తు వెలిగింది. వేలితో కాస్త ఎడమకు నెట్టగానే ఆరిపోయింది. టార్చి వేసి పక్కనుంచి చూస్తే, బేస్‌లోని రెండు స్ప్రింగు రేకుల్లో ఒకటి కిందికి అణిగి ఉంది, దాని కొన మీద పచ్చటి పొర. మాది కాకినాడ, ఉప్పుగాలి. బేస్ ఉన్నది వంటింటి గుమ్మం పక్క, తిరగమోత ఆవిరి తగిలే చోటు. రేకు మీద జిడ్డూ చిలుమూ కలిసి పేరుకున్నాయి.

అడాప్టర్ తీసేసి, హ్యాండ్‌సెట్ అడుగున ఉన్న రెండు బిళ్లలను పెన్సిల్ రబ్బరుతో రుద్దాను. రేకులను స్పిరిట్ అద్దిన దూదితో తుడిచి, ఆరనిచ్చి, అణిగినదాన్ని అగ్గిపుల్లతో మెల్లగా పైకి లేపాను. ఆ రాత్రి నిజంగా చార్జింగ్ ఎక్కింది. మర్నాడు అక్కాచెల్లెళ్లు ఒక మనవరాలి పెళ్లిచూపుల దగ్గర మొదలుపెట్టి ఊళ్లో అందరి సంగతులూ మాట్లాడుకున్నారు, ఒక్కసారి కూడా తెగలేదు. కొత్త ఫోను కొనే ఖర్చు తప్పినందుకన్నా, అమ్మ ముఖం చూసి నాకు ఎక్కువ సంతోషం కలిగింది.

ఇంతా అయింది కాబట్టి మెచ్చుకోవాల్సింది మెచ్చుకుంటాను. వేసినవి ఏ దుకాణంలోనైనా దొరికే ట్రిపుల్ ఏ బ్యాటరీలు. మా పాత కార్డ్‌లెస్‌లో వైరు అతికించిన ప్యాక్ ఉండేది, అలాంటిది మెయిన్ రోడ్డంతా తిరిగినా దొరకక బంగారం లాంటి ఫోనును పక్కన పడేశాం. డాబా మీద కూడా స్పష్టంగా వినిపిస్తుందని కొన్న కొత్తలో అందరికీ చెప్పాను. మెట్ల గది దగ్గర నిజమే, నీళ్ల ట్యాంకు వెనక్కి వెళితే మాత్రం మాట ముక్కలవుతుంది.

అమ్మలాంటి పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఈ ఫోను ఇప్పటికీ కొనదగ్గదే అంటాను. అందరూ మొబైల్‌తో సరిపెట్టుకునే ఇంటికి అక్కర్లేదు. రాగి తీగ రోజుల్లో ఎక్స్ఛేంజి నుంచి వచ్చే 48 వోల్టులతోనే వైరు ఫోను బతికేది. ఇప్పుడు మాది ఫైబర్ లైను, బేస్‌తో పాటు మోడెమ్‌కు కూడా కరెంటు కావాలి. మేం రెండింటినీ ఇన్వర్టర్‌కు కలిపాం. తుఫాను వస్తే పూటల తరబడి కరెంటు పోయే మా తీరంలో, ఇన్వర్టర్ లేనివాళ్లను దీన్నొక్కదాన్నే నమ్ముకోమని నేను చెప్పను.