యాభై రెండేళ్లకు ఈత క్లాసు: మడిపాక్కం పూల్‌లో నాలుగు నెలలు

మొదటి రోజు మెట్ల దగ్గర స్టీలు కమ్మీ పట్టుకుని పావుగంట అలాగే నిలబడిపోయాను. అక్కడ లోతు మూడున్నర అడుగులే. నీళ్లు నా నడుముకి నాలుగు వేళ్లు పైకి వస్తాయి, అంతే. అయినా చెయ్యి వదలబుద్ధి కాలేదు. కోచ్ అమ్మాయి నన్ను లాగలేదు, తొందరపెట్టలేదు. తనూ వచ్చి పక్కనే అదే కమ్మీ పట్టుకుని నిలబడింది. "బయపడాదీంగమ్మా, ఇన్నిక్కి ఇంగేయే నిప్పోమ్" అంది. భయపడకండి, ఇవాళ్టికి ఇక్కడే నిలబడదాం అని. ఆ మాట అనకపోయి ఉంటే నేను రెండో రోజు వెళ్లేదాన్ని కాదు, ఈ రివ్యూ రాసేదాన్నీ కాదు.

ముందు వివరాలు. చెన్నైలో మడిపాక్కం బస్టాండు నుంచి పది నిమిషాల నడక. ఒక కుటుంబం నడుపుతున్న ప్రైవేటు పూల్, 25 మీటర్ల పొడవు, ఒక చివర మూడున్నర అడుగులు, రెండో చివర ఏడు. మంగళవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున ఆరున్నర నుంచి ఏడుంపావు వరకు ఆడవాళ్ల బ్యాచ్. నెలకి 16 క్లాసులు, ఫీజు 4,000 రూపాయలు. క్యాప్, గాగుల్స్ మనవే. నేను జూలైలో చేరాను, ఇప్పుడు అక్టోబరు చివర. ఉండేది వేళచ్చేరిలో, పని ఒక ఆడిటర్ గారి ఆఫీసులో.

మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. కాలువ గట్టున పుట్టి ఈత రాదంటే ఇక్కడివాళ్లు నమ్మరు. మా వైపు జూన్ దాటి కాలువలకి నీళ్లు వదిలితే ఊళ్లో మగపిల్లలందరూ వంతెన మీంచి దూకేవాళ్లు. అన్నయ్య నడుముకి ఎండిన సొరకాయ బుర్రలు కట్టి మా చిన్నాన్న నీళ్లలోకి తోస్తే, నాలుగో రోజుకి బుర్రలు విప్పేసి ఈదాడు. నాకు అప్పుడు ఎనిమిదేళ్లు. నా పని గట్టు మీద కూర్చుని వాళ్ల చొక్కాలకి కాపలా కాయడం. ఆడపిల్లవి, నీకెందుకే అని ఎవరూ కోప్పడలేదు. నేను అడగలేదు, వాళ్లకి తట్టలేదు. తడి చొక్కా ఒళ్లో పెట్టుకుని వాళ్ల కేకలు వింటూ కూర్చోవడం నాకిప్పటికీ బాగా గుర్తు.

నీళ్లంటే భయం మాత్రం అప్పుడు లేదు. అది పట్టుకుంది 2015లో. డిసెంబరు 1 రాత్రి కురిసిన వాన చెన్నైలో ఉన్నవాళ్లు ఎవరూ మరిచిపోరు. వేళచ్చేరి అసలే పల్లం, పక్కనే పళ్ళికరణై చిత్తడి నేల. మాది కింది అంతస్తు. తెల్లారేసరికి మంచం కోళ్లు మునిగాయి. వీధిలో కుర్రాళ్లు తాడు కట్టి మమ్మల్ని ఒక్కొక్కరినీ ఎదురింటి మేడ మీదికి దాటించారు. ఆయన అత్తయ్యని పట్టుకున్నారు, నేను అత్తయ్య మందుల డబ్బా తల మీద పెట్టుకుని తాడు పట్టుకున్నాను. మధ్యలో ఒక గుంట తగిలి గుండెల దాకా దిగాను. రెండు క్షణాలు ఉంటాయేమో. ఆ తర్వాత చాలా ఏళ్లు, మగ్గుతో తల మీద నీళ్లు పోసుకుంటే కూడా కళ్లు తెరిచే ఉంచేదాన్ని. 2023 డిసెంబరు తుఫానుకి మళ్లీ వీధి నిండా నీళ్లొచ్చినప్పుడు మేం రెండో అంతస్తులో ఉన్నాం. అయినా రాత్రంతా కిటికీ దగ్గరే ఉన్నాను.

ఈత వైపు తోసింది మోకాలు. అరుగుదల మొదలైంది, నీళ్లలో వ్యాయామం చెయ్యమన్నారు డాక్టరు గారు. నడుం లోతు నీళ్లలో నిలబడితే కాళ్ల మీద పడే బరువు దాదాపు సగమేనట. మొదట వేరే చోట చేరాను, పేరు రాయను. అక్కడ కోచ్ గట్టు మీద ఫోన్ చూసుకుంటూ "కిక్, కిక్" అని కేకలు వేసేవాడు. మూడు రోజులకే మానేశాను, డబ్బులు తిరిగి రాలేదు. ఆ తర్వాత ఎనిమిది నెలలు ఆ మాటే ఎత్తలేదు. మడిపాక్కంలో నచ్చిన మొదటి సంగతి అదే: పెద్దవాళ్లకి నేర్పేటప్పుడు కోచ్ నీళ్లలోనే ఉంటుంది. ఆ నలభై అయిదు నిమిషాలూ బట్టలు తడుపుకుని మనతోనే. గట్టు మీద ఒక లైఫ్‌గార్డు వేరే ఉంటాడు, పొడుగు కర్ర, తేలే రింగు అందుబాటులో ఉంటాయి. మీరు ఏ పూల్‌కి వెళ్లినా ముందు ఈ రెండూ చూసుకోండి.

నేర్పే పద్ధతి గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే నాకు దక్కినదంతా అందులోనే ఉంది. మొదటి వారం ఈత లేదు. కమ్మీ పట్టుకుని మొహం నీళ్లలో పెట్టి బుడగలు వదలడమే. నేనేమో ఊపిరి బిగబట్టి మొహం ముంచి, రెండు సెకన్లలో దడుచుకుని లేచేదాన్ని. "మూచ్చై అడక్కాదీంగ, తణ్ణిలే విడుంగ" అని ఆ అమ్మాయి పదిసార్లు చెప్పింది. ఊపిరి ఆపకండి, నీళ్లలోకి వదిలేయండి అని. వదిలేస్తే లోపల ఏం మిగులుతుంది, ఇంకా భయం కదా అనుకున్నాను. జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. ఊపిరాడటం లేదని గుండె కొట్టుకునేది చాలావరకు ఆక్సిజన్ అయిపోయినందుకు కాదు, లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకున్నందుకు. బిగబడితే అది పేరుకుంటుంది. మెల్లగా వదులుతుంటే ఒంటికి ఆ కంగారు తగ్గుతుంది. తొమ్మిదో రోజున ముక్కులోంచి సన్నగా, హార్మోనియం తిత్తి దించినట్టు ఊపిరి వదిలాను. అడుగున నీలం పలకలు కనిపించాయి. ఒక పలక మూల విరిగి ఉంది. దాన్ని తీరిగ్గా చూశాను. నీళ్ల కింద నేను ఒక వస్తువుని తీరిగ్గా చూడటం అదే మొదలు.

తేలడం మూడో వారంలో. వెల్లకిలా పడుకోబెట్టి తల కింద రెండు వేళ్లు పెట్టింది, రెండే. తల పైకెత్తితే నడుము మునుగుతుంది, చెవులు మునిగేదాకా తల వెనక్కి వాల్చేయాలి. నిండా ఊపిరి తీసుకున్న మనిషిని నీళ్లు వాటంతట అవే మోస్తాయి. ఇది తెలిసిన విషయమే, స్కూల్లో చదువుకున్నదే. కానీ మెడకి తెలియదు. నా మెడ ముప్పై ఏళ్లుగా కంప్యూటర్ ముందు బిగుసుకుపోయిన మెడ. ఆ రోజు ఎన్నో ప్రయత్నమో గుర్తులేదు, చెవులు మునిగాయి, బయట చప్పుళ్లన్నీ దూరమయ్యాయి, లోపల నా ఊపిరే నాకు వినిపించింది. పైన మీనంబాకం వైపు దిగుతున్న విమానం ఒకటి చప్పుడు లేకుండా వెళ్లింది. వేళ్లు ఎప్పుడు తీసేసిందో తెలియదు. లేచి చూస్తే ఆ అమ్మాయి రెండు చేతులూ పైకెత్తి నవ్వుతోంది. నాకు ఏడుపొచ్చింది. పక్కన చిత్తూరు ఆవిడ, "వొదినా, నువ్వు తేలినావు!" అని గట్టిగా అరిచింది.

మా బ్యాచ్‌లో పద్నాలుగు మంది. తెలుగువాళ్లం ముగ్గురం. ఇద్దరు ఐటీ అమ్మాయిలు, ఒక పూల కొట్టు ఆమె, అరవై ఏడేళ్ల రిటైర్డు టీచర్ ఒకావిడ. ఎవరు ఏం కట్టుకొచ్చారో ఎవరూ చూడరు. పాలిస్టర్ లెగింగ్, ఫుల్ హ్యాండ్స్ టాప్ వేసుకున్నా ఒప్పుకుంటారు. కాటన్ మాత్రం వద్దంటారు, నానితే బరువెక్కి కిందికి లాగుతుంది. ఒకరు 25 మీటర్లు మొదటిసారి పూర్తి చేస్తే అందరూ ఆగి చప్పట్లు కొడతారు. నాకు సెప్టెంబరు 19న కొట్టారు. మొదటిసారి మధ్యమధ్యలో గట్టు పట్టుకుని ఆగి పూర్తి చేశాను. ఇప్పుడు ఆగకుండా ఒక పొడవు, కాసేపు గట్టు పట్టుకుని ఆగి ఇంకో పొడవు.

ఇందులో సంతోషం ఎక్కడుందని మా ఆయన అడిగారు. నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. ఆలోచించి చెప్పాను. ఇంట్లో, ఆఫీసులో నేను చేసే ప్రతి పనీ నాకు వచ్చిన పనే. ఇరవై ఏళ్లుగా వచ్చిన పనినే చేస్తున్నాను. బాగా చేస్తే ఎవరూ గమనించరు, తప్పు చేస్తే గమనిస్తారు. పూల్‌లో నాకు ఏమీ రాదు, అయినా కూడా నిన్నటికంటే ఇవాళ కాస్త వచ్చిందని నా ఒంటికే తెలుస్తోంది. పైగా అది ఎవరి కోసమూ కాదు. వంట ఇంట్లోవాళ్ల కోసం, జీతం ఇంటి కోసం, ఆఖరికి గుడికి వెళ్లినా పిల్లల పేర్ల మీదే అర్చన. ఈ నలభై అయిదు నిమిషాలు మాత్రం నావి. ఆయన అదంతా విని, మర్నాటి నుంచి దోసెలు తనే పోస్తానన్నారు. పోస్తున్నారు.

ఆఫీసులో ఇంకో మార్పు. ప్రతి నెలా 20వ తారీఖు దగ్గరపడితే జీఎస్టీ రిటర్నుల టెన్షన్. ఎక్సెల్‌లో లెక్కలన్నీ కూడి పట్టికలా పెట్టే పివట్ టేబుల్ నాకు వచ్చేది కాదు. ఆ మాట ఎవరితోనూ అనలేక ఆరేళ్లుగా చేత్తో లెక్కలు కూడుకుంటూ రాత్రి ఎనిమిదింటిదాకా కూర్చునేదాన్ని. ఆగస్టులో ఒక రోజు మా జూనియర్ అమ్మాయి పక్కన కుర్చీ వేసుకుని "ఇది నాకు రాదమ్మా, నేర్పుతావా" అన్నాను. ఇరవై నిమిషాల్లో నేర్పింది. పొద్దున్నే పద్నాలుగు మంది ముందు ముక్కులో నీళ్లు పోయి దగ్గుతూ లేచిన మనిషికి, మధ్యాహ్నం "నాకు రాదు" అనడం పెద్ద కష్టమనిపించలేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంట్లో జరిగింది. అత్తయ్యకి ఎనభై దాటాయి. మే నెలలో బాత్రూమ్ దగ్గర పడి తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ అయ్యింది. డాక్టర్లు నడవమన్నా వాకర్ ముందు పెడితే చేతులు వణికి కూర్చుండిపోయేది. మేమందరం "ఏం కాదు, లే, రెండడుగులు వెయ్యి" అని వెంటపడేవాళ్లం. నేనే ఎక్కువ. పూల్‌లో చేరిన రెండో వారం, ఒక సాయంత్రం నేను ఏమీ అనకుండా వెళ్లి వాకర్‌కి రెండో వైపు పట్టుకుని నిలబడ్డాను. "ఇవాళ్టికి ఇక్కడే నిలబడదాం అత్తయ్యా" అన్నాను. ఆవిడ నా మొహం చూసింది. లేచి నిలబడింది. గోడ గడియారంలో నాలుగు నిమిషాలు నిలబడ్డాం, మాటల్లేవు. వారం రోజులు అదే పని. తర్వాత తనంతట తనే కుడి కాలు ముందుకి వేసింది. ఇప్పుడు బాల్కనీలో తులసి కోట దాకా వెళ్తోంది, నీళ్లు తనే పోస్తోంది.

ఇక లోపాలు, ఉన్నవి ఉన్నట్టు. బట్టలు మార్చుకునే గదులు రెండే, పద్నాలుగు మందికి. ఏడుంపావుకి క్లాసు అయితే ఆఫీసుకి వెళ్లాల్సినవాళ్ల తిప్పలు అన్నీ ఇన్నీ కావు. తల ఆరబెట్టుకోవడానికి ప్లగ్గు ఒక్కటే. ఇంకోటి, శని ఆదివారాలు పూల్‌ని పిల్లల పార్టీలకి ఇస్తారు. మంగళవారం పొద్దున వాసన ఘాటుగా ఉంటుంది, కళ్లు మండుతాయి. ఆ ఘాటు క్లోరిన్ ఎక్కువైనందుకు అనుకుంటాం. చెమట, మూత్రం లాంటివి క్లోరిన్‌తో కలిస్తే పుట్టే క్లోరమైన్ల వాసన అది. అంటే దిగేముందు స్నానం చెయ్యనివాళ్ల పుణ్యం. మేం నలుగురం వెళ్లి చెప్పాక షవర్ దగ్గర ఒక మనిషిని పెట్టారు, ఇప్పుడు కొంత నయం. వానాకాలంలో ఉరుము వినిపిస్తే క్లాసు ఆపేస్తారు, అది సరైన పనే. కానీ ఆ క్లాసుకి బదులు క్లాసు ఇవ్వడంలో లెక్క సరిగ్గా లేదు, మనమే రాసుకుని అడగాలి. నేను పదికి ఎనిమిది ఇస్తున్నాను, ఆ రెండూ గదులకి, లెక్కలకి కోశాను.

వయసు దాటిపోయింది కదా అని నాతో చాలామంది అన్నారు. వాళ్లకి నేను గోలి శ్యామల గారి సంగతి చెబుతాను. మన తెలుగావిడే, నలభై దాటాక ఈత నేర్చుకున్నారు. 2021 మార్చిలో శ్రీలంక నుంచి ధనుష్కోడి దాకా పాక్ జలసంధిని, సుమారు 30 కిలోమీటర్లు, 13 గంటలకు పైగా ఈది దాటారు. నాకు సముద్రం వద్దు. ఏడడుగుల చివర గట్టు పట్టుకోకుండా పది నిమిషాలు నిలదొక్కుకుని తేలితే చాలు. అంతవరకు పారే నీళ్లలో దిగొద్దని కోచ్ మాట తీసుకుంది.

ఈత నేర్చుకుంటున్నానని అన్నయ్యకి ఫోన్లో చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ముక్కులోకి నీళ్లు పోవట్లా?" అన్నాడు. మొదట్లో పోయేవి, ఇప్పుడు వదలడం వచ్చింది అన్నాను. "నాకు చిన్నాన్న ఆ సంగతి చెప్పనే లేదు" అన్నాడు.

చేరాలనుకునేవాళ్లకి: ఒక రోజు ఉచితంగా గట్టు మీద కూర్చుని చూడనిస్తారు, తప్పకుండా చూడండి. బీపీ, మూర్ఛ, చెవి సమస్య లాంటివి ఉంటే డాక్టర్ని అడిగి, ఫారంలో దాచకుండా రాయండి. గాగుల్స్ మొహానికి ఆనించి చూసుకుని కొనండి, నాకు రెండోది సరిపోయింది. ఇంటికెళ్లాక తలకి కొబ్బరినూనె కాకుండా, దిగేముందే కాస్త రాసుకుని క్యాప్ పెట్టుకుంటే జుట్టు పాడవదంటుంది చిత్తూరు ఆవిడ, నాకూ పనిచేసింది. తిరిగొచ్చేటప్పుడు ఆకలి బాగా వేస్తుంది, సంచిలో రెండు అరటిపళ్లు పెట్టుకోండి. ఆరుంపావుకల్లా వెళ్తే లోపలి గది ఖాళీగా ఉంటుంది.