హోప్ వ్యాలీయా, క్రౌలీ లేకా? రాత్రి ఉండి ట్రౌట్ పట్టాలంటే ఏది మేలు

కాలిఫోర్నియాలో శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కలున్న బే ఏరియా నుంచి మూడు నాలుగు కుటుంబాలు కలిసి సియెరా కొండల మీద ఒక రాత్రి గుడారాలు వేసుకుని ట్రౌట్ (చల్లటి నీళ్లలో ఉండే చేప) పట్టాలనుకుంటే, మా స్నేహితుల్లో చర్చ చివరికి రెండు చోట్ల దగ్గర ఆగుతుంది. ఒకటి హైవే 88 మీద కార్సన్ పాస్ అనే కనుమ దిగగానే వచ్చే హోప్ వ్యాలీ. ఇంకోటి హైవే 395 పక్కన, మామత్ లేక్స్ ఊరు దాటాక వచ్చే క్రౌలీ లేక్. రెండూ ఏడు వేల అడుగులకు అటూ ఇటూగా ఉన్నవే.

పెద్ద చేపే కావాలంటే వాదన అక్కర్లేదు, క్రౌలీకే వెళ్లండి. లాస్ ఏంజెలెస్ నీటి అవసరాల కోసం ఓవెన్స్ నదికి అడ్డంగా డ్యామ్ కట్టగా 1941లో ఏర్పడిన చెరువు అది. చాలా చోట్ల లోతు తక్కువ, అడుగునంతా నాచు, ఆ నాచు నిండా పురుగు. అది తిని చేప ఇట్టే ఒళ్లు చేస్తుంది. కానీ గట్టున నీడకు ఒక్క చెట్టుండదు. మధ్యాహ్నం గాలి లేచిందంటే గుడారం మేకులు పీక్కుపోతాయి. బోటు లేకపోతే మంచి చోట్లు అందవు. పైగా దారి ఆరు గంటలకు తక్కువ కాదు. ఏప్రిల్ చివరి శనివారం సీజన్ మొదలయ్యేటప్పటికి దగ్గరి దారిలో వచ్చే 9,943 అడుగుల టియోగా పాస్ కనుమ ఇంకా మంచు కిందే ఉంటుంది కాబట్టి చుట్టూ తిరిగి పోవాలి.

హోప్ వ్యాలీకి నాలుగు గంటల ప్రయాణం. వెస్ట్ ఫోర్క్ కార్సన్ నది అక్కడ చిత్తడి పచ్చికలో మెలికలు తిరుగుతూ మన ఊరి వాగంత సైజులో పోతుంది. చేపలు చిన్నవే. అయితే ఏడేళ్ల పిల్ల కూడా ఒడ్డున నిలబడి గాలం వేయగలదు, బెండు మునగడం కళ్లారా చూడగలదు. నదిలో చేప పడకపోతే కారెక్కి కాస్త పైకి, రెడ్ లేక్‌కి పోతే బ్రూక్ ట్రౌట్ ఉంటుంది. గుంపులో సగం మంది మొదటిసారి గాలం పట్టేవాళ్లయితే నా ఓటు కచ్చితంగా ఇటే. పొద్దంతా ఖాళీ చేతులతో కూర్చున్న పిల్లలు మళ్లీ రామంటారు, అది నేను చూశాను.

రాత్రి ఉండేది రాత్రంతా పట్టడానికి కాదు, తెల్లవారుజామున నీటి దగ్గర ఉండటానికి. ట్రౌట్ బాగా కొరికే వేళ అదే. ఏ నీటికి ఏ వేళలు, ఎన్ని చేపలు, ఏ ఎర అన్నది రాష్ట్ర నియమాల పుస్తకంలో చూసుకోండి. పదహారేళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ లైసెన్సుండాలి. ఒక్క రోజుకూ ఇస్తారు.

వంట సంగతి ముఖ్యం. మొదటిసారి మేం మామూలు గిన్నెలో కందిపప్పు పెట్టాం. గంటన్నర ఉడికినా పలుకు పలుకుగానే ఉంది, పిల్లలు ఆవకాయన్నం తిని పడుకున్నారు. ఆ ఎత్తులో నీళ్లు 93 డిగ్రీలకే మరుగుతాయి. చిన్న కుక్కర్ తీసుకెళ్తే ఆ బాధే లేదు. తిన్నాక గిన్నెలు, మిగిలిన అన్నం, టూత్‌పేస్టు కూడా ఎలుగుబంటి తెరవలేని ఇనుప పెట్టెలో పెట్టి గడియ వేయండి.

జూలైలోనూ తెల్లారేసరికి వేళ్లు కొంకర్లు పోయే చలి. మంచు కరిగిన నీరు పచ్చికలో నిలిచినన్నాళ్లూ హోప్ వ్యాలీలో దోమలు ముసురుతాయి, పొడుగు చేతుల చొక్కాలు తప్పవు. ఆ తడి నేల మీద గుడారం వేయకండి, కారు అసలే దించకండి. ఒక్క చక్రం గాడి పడితే గడ్డి కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది.

నలుగురు పెద్దవాళ్లే, బోటు అద్దె పంచుకుంటామంటే జూన్‌లో క్రౌలీ. పిల్లాపాపలతో అయితే సెప్టెంబర్ మొదట్లో హోప్ వ్యాలీ. అప్పటికి దోమలు తగ్గుతాయి, నదిలో నీరూ తగ్గుతుంది గనక తెల్లవారుజామున ముందు రెడ్ లేక్‌కే వెళ్లండి.