ఉజిలో తిరగలి తిప్పి తాగిన మాచా

జపాన్ లో క్యోటో వెళ్తున్నారా, అయితే ఒక పూట టీకి పేరున్న ఉజి ఊరికి పెట్టుకోండి, జేఆర్ నారా లైన్ రైలు ఎక్కితే అరగంట కూడా పట్టదు. 10 యెన్ల నాణెం మీద ఉండే బ్యోదోయిన్ గుడి ఇక్కడే, ఆ గుడికి వెళ్ళే దారంతా టీ షాపులే, వీధిలోకి అడుగు పెట్టగానే వేయించిన టీ ఆకు వాసన కొడుతుంది. అందులో ఒక చిన్న షాపులో మనమే రాతి తిరగలి తిప్పి మాచా, అంటే జపాన్ గ్రీన్ టీ పొడి, చేసుకుని తాగొచ్చు, దాని గురించే ఈ రివ్యూ.

ముందు ఒక చిన్న గిన్నెలో తెంచా చూపించారు, మాచా పొడి కొట్టేది ఈ ఎండుటాకునే. మాచా అంటే గ్రీన్ టీ ఆకుని మిక్సీలో వేసి పొడి చేయడమే అని నేను ఇన్నాళ్ళూ అనుకున్నా, అస్సలు కాదండి. కోతకి మూడు వారాల ముందు నుంచి తోట మీద పందిరి వేసి ఎండ తగలకుండా కప్పేస్తారు, పాత పద్ధతిలో అయితే రెల్లు తడికలూ వరిగడ్డీ పరుస్తారు. ఎండ పడితే ఆకులో తీపి రుచినిచ్చే థియనైన్ అనే పదార్థం తగ్గి వగరు పెరుగుతుంది, నీడలో ఆ తీపి రుచి అలాగే నిలబడుతుంది, ఆకు కూడా ముదురాకుపచ్చ అవుతుంది. మే నెల కోతలో తెంపిన ఆకుని వెంటనే కొన్ని సెకన్లు ఆవిరి పట్టి, సెంచా అనే మామూలు గ్రీన్ టీ లాగా నలిపి చుట్టకుండా అలాగే ఆరబెట్టి, కాడలూ ఈనెలూ తీసేస్తే మిగిలేదే తెంచా. చేతిలోకి తీసుకుంటే ఎండిన ఆకు రేకుల్లా ఉంది, నోట్లో వేసుకుంటే కరకరలాడి కాసేపటికి తియ్యగా అనిపించింది.

ఇక తిరగలి. ఎడమ వైపుకే తిప్పాలి, అదీ చాలా నిదానంగా. నేను ఉత్సాహంగా గబగబా తిప్పేస్తుంటే అక్కడున్న పెద్దావిడ నా చెయ్యి మీద చెయ్యి వేసి వేగం తగ్గించారు, స్పీడ్ పెంచితే రాయి వేడెక్కి వాసన పోతుందట, పొడి కూడా బరకగా వస్తుందట. పది నిమిషాలు తిప్పితే రాళ్ళ మధ్య నుంచి అంచు చుట్టూ రాలింది ఒక్క కప్పుకి సరిపడా! మెషిన్ తో తిప్పే రాతి తిరగలి కూడా గంటకి 40 గ్రాములకి అటూ ఇటూనే ఇస్తుంది, మంచి మాచా ఖరీదు ఎందుకో భుజం నొప్పి పుట్టాక బాగా అర్థమైంది. ఆ పొడిని వేళ్ళ మధ్య రాస్తే గరుకు అన్నదే తగల్లేదు, వేలి గీతల్లోకి ఆకుపచ్చగా దిగిపోయింది.

తర్వాత ఉసుచా, అంటే పల్చటిది. 2 గ్రాముల పొడి జల్లించి, 80 డిగ్రీల లోపు నీళ్ళు ఓ 70 మిల్లీలీటర్లు పోసి, ఛాసెన్ అనే వెదురు కవ్వంతో గిన్నె అడుగుని గీకకుండా మణికట్టు ఆడిస్తూ ముందుకీ వెనక్కీ చిలకాలి. నురగ నిండుగా రావాలని వీళ్ళు నేర్పించారు, అది ఉరాసెంకే అనే టీ సంప్రదాయం వాళ్ళ పద్ధతి, ఒమోతెసెంకే అనే ఇంకో సంప్రదాయం వాళ్ళు అంత నురగ తేరు. ముందు స్వీట్ తినేసి, గిన్నె ముందు వైపున్న బొమ్మ మీద పెదవి పెట్టకుండా కొంచెం తిప్పి తాగాలి. మొదటి గుక్కలో పచ్చి వాసన, ఆ తర్వాత ఉడికించిన బఠాణీ లాంటి కమ్మదనం, చేదు చివర్లో కాస్త తగిలి పోయింది, డబ్బా పొడితో ఈ వాసన నాకు ఎప్పుడూ రాలేదు.

నచ్చనిది ఒకటే, తాగడానికి టైమ్ సరిపోలేదు, తర్వాతి బ్యాచ్ వాళ్ళు గుమ్మంలో నిలబడి ఉంటే ఆఖరి గుక్క హడావిడిగా మింగాల్సి వచ్చింది, ఇంకో పది నిమిషాలు ఇస్తే బాగుండేది. కొయిచా కూడా ఇక్కడ ఇవ్వరు, ఆ చిక్కటి మాచా కావాలంటే వేరే చోట అడగాలి.

వెళ్ళేవాళ్ళు పొద్దున్నే మొదటి బ్యాచ్ కి వెళ్ళండి. పొడి కొంటే చిన్న డబ్బానే కొనండి, మూత తీశాక గాలి తగిలి రంగూ వాసనా తొందరగా పోతాయి, నేను 30 గ్రాములది తెచ్చుకుని రోజూ ఒక గిన్నె చొప్పున రెండు వారాల్లో ఖాళీ చేసేశా.