క్లియర్ కోటు ఊడుతుంటే ఏది మేలు: పాలిషా, స్ప్రే డబ్బానా, పెయింటరా?

బానెట్ మీదో రూఫ్ మీదో తెల్లటి మచ్చలు తేలగానే చాలామంది మొదట పాలిష్ డబ్బా కొంటారు. కొన్ని మచ్చలకు అది చక్కగా పనిచేస్తుంది. మరికొన్నింటిని ఎంత రుద్దినా ఫలితం ఉండదు, పైగా రంగు పైన మిగిలి ఉన్న పారదర్శక పొర, అంటే క్లియర్ కోటు, కూడా అరిగిపోతుంది. ఏది ఏ రకమో తెలుసుకోవడానికి మెకానిక్ అక్కరలేదు, చేతి గోరు చాలు.

మచ్చ అంచు మీదుగా గోరును మెల్లగా లాగి చూడండి. ఎక్కడా తగలకుండా జారిపోతే క్లియర్ కోటు ఇంకా అక్కడే ఉన్నట్టు. దాని పైభాగం మాత్రమే ఎండకు పాడై మసకబారింది. గోరు సన్నటి మెట్టుకు తగిలి ఆగితే పొర ఊడిపోయినట్టే. మెట్టు లేకపోయినా పొర లోపల సన్నటి పగుళ్లు అల్లుకుని కనిపిస్తే దాన్నీ ఊడినదానికిందే లెక్కవేయాలి, ఎందుకంటే ఆ పగుళ్లు పైన రుద్దితే పోయేవి కావు.

కొత్త కారు మీద పెయింటు పొరలన్నీ కలిపి సుమారు 100 నుంచి 150 మైక్రాన్ల మందం ఉంటాయి. అందులో క్లియర్ కోటు వాటా 40, 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కంటే పలుచన. అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే రసాయనాలు ఆ పలుచటి పొరలోనే ఉంటాయి. ఏళ్ల తరబడి ఎండలో అవి క్షీణిస్తాయి. అప్పుడు కిరణాలు కింది రంగు దాకా దిగి, రెండు పొరల మధ్య పట్టును చెడగొడతాయి. అందుకే ఒకసారి మొదలైతే రేకులు రేకులుగా లేస్తుంది. నిలువుగా ఉండే డోర్ల కంటే నడినెత్తిన ఎండ పడే రూఫ్, బానెట్, డిక్కీ మూత ముందుగా పోవడానికీ కారణం ఇదే. రామగుండంలో నీడ లేకుండా నిలిపే కారుకైనా, అరిజోనాలో ఉంటున్న మనవాళ్ల కారుకైనా ఇందులో తేడా లేదు.

మసకబారిన దశలోనే ఉంటే నా ఓటు నిస్సందేహంగా పాలిష్‌కే. కారు బాగా కడిగి, నీడలో నిలిపి, ముందు రబ్బింగ్ కాంపౌండ్ (గరుకు పేస్టు), తరువాత సన్నరకం పాలిష్, చివరగా మైనం. చిన్న భాగానికి చెయ్యి చాలు, బానెట్ మొత్తానికైతే అటూ ఇటూ ఊగుతూ తిరిగే రకం మిషన్ మంచిది. ఒకేచోట గిరగిరా తిరిగే రోటరీ మిషన్ కొత్తవాళ్ల చేతిలో అంచులను నిమిషాల్లో కాల్చేస్తుంది. రుద్దుతుండగా గుడ్డకు కారు రంగు అంటితే వెంటనే ఆపండి. మీది క్లియర్ కోటు లేని పాత తరహా పెయింటయినా అయి ఉండాలి, లేదా ఆ పొర అక్కడ అరిగిపోయి అయినా ఉండాలి. ప్రతి రుద్దుడూ కొన్ని మైక్రాన్లను తీసుకుపోతుంది కాబట్టి ఏటా చేయించుకునే సేవగా దీన్ని చూడకూడదు.

ఊడిన చోట మాత్రం పాలిష్, మైనం, సిరామిక్ కోటింగ్ ఏవీ పనిచేయవు. నూనెలాంటి సిలికాన్ ద్రవం పూస్తే మచ్చ కనబడకుండా పోతుంది, నీళ్లు చల్లినప్పుడూ తడి ఆరేదాకా మచ్చ అలాగే మాయమవుతుంది. నాలుగు వానలకు మళ్లీ తేలుతుంది. దానితో మరో నష్టం కూడా ఉంది: సిలికాన్ అంటిన చోట కొత్త పెయింటు పరుచుకోక చేపకన్నుల్లా గుంటలు పడతాయి. తరువాత పెయింటు వేయాలనుకునేవారు దాని జోలికి పోకూడదు.

ఇక ఇంట్లో స్ప్రే చేయడం. క్లియర్ డబ్బాలు రెండు రకాలు. 1కె అంటే హార్డెనర్, అంటే పొరను గట్టిపరిచే రసాయనం, లేనిది. అందులోని ద్రావకం ఆవిరైపోయి పొర ఆరుతుంది, అంతే. చవక, ఎక్కడైనా దొరుకుతుంది, మిగిలితే దాచుకోవచ్చు. కానీ ఆరిన తరువాత కూడా థిన్నర్‌తో తుడిస్తే కరుగుతుంది, పెట్రోలు ఒలికినా మెత్తబడుతుంది. మన ఎండలకు ఒకటి రెండు వేసవులు దాటితే గొప్పే. 2కె డబ్బాలో హార్డెనర్ లోపలే వేరే అరలో ఉంటుంది. అడుగున ఉన్న పిన్నును నొక్కితే అది పగిలి కలుస్తుంది. బాగా ఊపి వాడాలి, ఒకటి రెండు రోజుల్లో మిగిలినది లోపలే గట్టిపడిపోతుంది. ఇది రసాయనికంగా ముడిపడి గట్టిపడుతుంది కనుక షాపులో వేసే క్లియర్‌కు దగ్గరగా నిలబడుతుంది. మన్నిక ఒక్కటే చూస్తే 2కె పక్కన 1కెను నిలబెట్టనే కూడదు.

అయితే 2కె హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తులకు పడకపోతే ఆస్తమా తెస్తాయి, ఒకసారి శరీరం వాటికి స్పందించడం మొదలుపెడితే ఆ తరువాత కొద్దిపాటి ఆవిరి కూడా ఆయాసం తెప్పించవచ్చు. వాసనను బట్టి ప్రమాదాన్ని పసిగట్టలేం. గుడ్డ మాస్కు, దుమ్ముకు వాడే ఎన్95 ఆవిరిని ఆపవు. రసాయన ఆవిరికి పనికొచ్చే కార్ట్రిడ్జ్ మాస్కు, కళ్లద్దాలు, చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా కనీస అవసరం. షాపుల్లో అయితే బయటి నుంచి గాలి అందించే మాస్కే సరైనది. ముక్కుకు జేబురుమాలు కట్టుకుని రోజంతా స్ప్రే గన్ పట్టుకునే కుర్రవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది; వాళ్లకు మాస్కులు కొనివ్వడం యజమానుల బాధ్యత. అపార్ట్‌మెంట్ సెల్లార్ పార్కింగ్‌లో 2కె వద్దే వద్దు. పిల్లలు తిరిగే చోట, గాలి ఆడని చోట ఆ పని చేసే హక్కు మనకు లేదు. సొంత పెరడు, గాలి ఆడే షెడ్డు లేనివారు 1కెతో సరిపెట్టుకోవడమో పెయింటర్ దగ్గరకు పోవడమో చేయాలి.

ఏ డబ్బా వాడినా పని గెలిచేదీ ఓడేదీ అంచు దగ్గరే. ఊడిన మచ్చ మీద నేరుగా కొడితే మెట్టు అలాగే ఉండి, లేవబోతున్న పాత పొర అంచు మీద కొత్త పొర పట్టు లేకుండా నిలుస్తుంది. కొన్నాళ్లకు రెండూ కలిసి లేస్తాయి. ముందుగా మాస్కింగ్ టేపును మచ్చ చుట్టూ గట్టిగా అతికించి లాగండి. బాగున్నట్టు కనిపించే చోట కూడా పొర టేపుతో వచ్చేస్తే అక్కడిదాకా తీసేయాల్సిందే. తరువాత 400, 600, 800 నంబరు వాటర్ పేపర్లతో వరుసగా, కళ్లు మూసుకుని తడిమినా మెట్టు తెలియనంత వరకు అంచును వాలుగా అరగదీయాలి.

ఇక్కడ చాలామంది మరిచేది రంగు. క్లియర్ ఊడి నెలల తరబడి ఎండలో ఉన్న రంగు పొర వెలిసిపోయి ఉంటుంది. మెటాలిక్ రంగులో వాటర్ పేపర్ గీతలు కూడా పడతాయి. దాని మీద క్లియర్ వేస్తే ఆ తేడా మాయం కాదు, మెరుస్తూ మరింత బయటపడుతుంది. కాబట్టి డోరు తెరిస్తే కనిపించే స్టిక్కర్ మీదో, ఇంజిన్ గదిలోనో ఉన్న రంగు కోడ్ చూసి, ఆ రంగును మచ్చ మీద పలుచగా రెండు మూడు పూతలు వేసి, అది ఆరాకే క్లియర్ వేయాలి. క్లియర్‌ను మచ్చ దగ్గర ఆపకూడదు. రంగు వేయకముందే పానెల్ మొత్తాన్ని 800తో గరుకుచేసి ఉంచుకుని, క్లియర్‌ను అంచు నుంచి అంచుకు వేయాలి. పానెల్ మధ్యలో ఆపిన క్లియర్ అంచే మళ్లీ ముందుగా ఊడేది. మొదటి పూత పలుచగా, తరువాత రెండు నిండుగా, మధ్యలో పది నిమిషాల విరామం చొప్పున వేయండి.

రోజు ఎంచుకోవడంలోనూ పట్టింపు ఉండాలి. మే నెలలో రేకు చెయ్యి పెట్టలేనంత కాలితే తుంపరలు దాన్ని చేరేలోగా ఆరిపోయి ఇసుకలా గరుకవుతాయి. వానాకాలంలో, ముఖ్యంగా కోస్తాలో, గాలిలో తేమకు పూత పాలరంగు తిరుగుతుంది. మనకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, మంచు ఆరిన తరువాతి వేళ నీడలో అనుకూలం.

సైడు అద్దం కవరు, పెట్రోలు మూత, డిక్కీ మూత వంటి విడి భాగాలకు ఓపిక, గాలి ఆడే చోటు ఉంటే ఇంట్లో 2కె మేలు. బానెట్ మొత్తానికీ రూఫ్‌కూ డబ్బాతో ఒకే మందంలో పూత రావడం కష్టం, అవి పెయింటర్‌కే ఇవ్వండి. వెనుక డోరు తరువాతి క్వార్టర్ పానెల్ కూడా అంతే. చాలా కార్లలో అది పైకి రూఫ్ దాకా అతుకు లేకుండా సాగుతుంది, అందుకే క్లియర్ ఎక్కడ ఆపాలన్నది అనుభవం ఉన్న చెయ్యి తేల్చాలి. బేరం ఆడేటప్పుడు ధర కంటే ముందు మూడు విషయాలు అడగండి: పాత క్లియర్‌ను ఎక్కడిదాకా తీస్తారు, క్లియర్, హార్డెనర్ ఒకే కంపెనీవా, రబ్బరు బీడింగులు విప్పుతారా లేక టేపు అంటించి లాగించేస్తారా. టేపు అంచున పూత గట్టుకట్టి అక్కడి నుంచే లేవడం మొదలవుతుంది. టేపు బదులు బీడింగులు విప్పే పెయింటర్ కొంచెం ఎక్కువ అడిగినా ఇవ్వవచ్చు.

ఇంకా ఏడాదో రెండేళ్లో వాడి అమ్మేసే కారైతే ఏమీ చేయకపోవడం కూడా ఆలోచించదగినదే. ఊడిన చోట కింద రంగు, ప్రైమర్ ఉన్నంతకాలం రేకు వెంటనే తుప్పు పట్టదు. కారును నీడలో నిలపండి, లేచిన పెయింటు పొరలను ప్రెషర్ నీళ్లతో కొట్టకండి, గీత పడి రేకు బయటపడిన చోట మాత్రం వెంటనే ప్రైమర్ పూయండి.