నాగార్జునకొండ రికార్డులు: స్కాన్లా, పోర్టలా, లింక్డ్ డేటానా, ఏది మేలు?

ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి నాగార్జునకొండ లోయలో ఉండేది, ఇప్పుడది నాగార్జునసాగర్ నీళ్ల కింద ఉంది. మళ్లీ తవ్వి చూద్దామంటే కుదరదు. 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాస్త్రవేత్త ఆర్. సుబ్రహ్మణ్యం బృందం ఆ లోయను తవ్వింది, కొన్ని కట్టడాలను ఇప్పుడు ద్వీపంగా మిగిలిన కొండ మీదికీ, ఒడ్డునున్న అనుపుకీ తరలించారు, మిగతాది నీళ్ల పాలైంది. అంటే ఇప్పుడు మనకు మిగిలిన విజయపురిలో చాలా భాగం నివేదికలు, ప్లాన్లు, ఫొటోలు, శాసన పాఠాలే. యునెస్కో 2001 ఒప్పందం ప్రకారమైతే కనీసం 100 ఏళ్లు నీటిలో ఉన్నదే జలగర్భ వారసత్వం, ఆ లెక్కలోకి రావాలంటే మన లోయ ఇంకా కొన్ని దశాబ్దాలు ఆగాలి. అందాకా కాగితాలు ఆగవు కదా!

వాటిని కాపాడే దారులు మూడు: కాగితాలను స్కాన్ చేసి పీడీఎఫ్‌లుగా ఉంచడం, అన్నీ చూపించే వెబ్‌సైట్ (పోర్టల్) కట్టడం, లింక్డ్ డేటా. స్కాన్లు చవక, త్వరగా అవుతాయి, అందుకే ముందు అవే చేయాలి. ఆ తవ్వకాల నివేదిక మొదటి సంపుటి 1975లో, రెండోది 2006లో వచ్చింది. పలుగు పక్కన పెట్టిన 46 ఏళ్లకన్నమాట, అలాంటిదాన్ని ఇంకోసారి పోగొట్టుకోకూడదు. కానీ పీడీఎఫ్‌లో వెతకడం నరకం. ఇక్కడి శాసనాలు ప్రచురించిన పండితుడు ఫోగెల్ 'నాగార్జునికొండ' అని రాశాడు, ఇప్పటివాళ్లు 'నాగార్జునకొండ' అంటారు, ఒక పేరుతో వెతికితే రెండోది తగలదు.

పోర్టల్ చూడ్డానికి బాగుంటుంది, పిల్లలకు చూపించడానికి అంతకంటే మంచిది లేదు. అయితే ప్రాజెక్టు డబ్బు అయిపోయిందంటే సర్వర్ కూడా పోతుంది. పైగా శిల్పాలు కొన్ని ద్వీపం మీది మ్యూజియంలో, కొన్ని ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో, కొన్ని పారిస్ గిమే మ్యూజియంలో ఉన్నాయి. ఎవరి పోర్టల్ వాళ్ల వస్తువులే చూపిస్తుంది.

లింక్డ్ డేటాలో ప్రతి రాయికీ, మనిషికీ, ఊరికీ ఒక శాశ్వత నంబరు ఇచ్చి, వాటి మధ్య సంబంధాన్ని చిన్న వాక్యంగా రాస్తారు: 'ఈ స్తంభం, దొరికిన చోటు, మహాచైత్యం'. మహాచైత్యం అంటే అక్కడి పెద్ద స్తూపం, దాని నాలుగు వైపులా వేదికల మీద నిలిపిన ఆయక స్తంభాలనే చూడండి. చాలావాటి మీద దాత చాంతిసిరి, ఇక్ష్వాకు రాజు శాంతమూలుడి తోబుట్టువు, అతని కొడుకు వీరపురుషదత్తుడి మేనత్త. ఒక స్తంభం మాత్రం ఉజ్జయిని రాజు కూతురు రుద్రధరభట్టారికది. వీళ్లందరికీ తలా ఒక నంబరు ఉంటే, ఇక్ష్వాకుల ఆడవాళ్లు ఏయే కట్టడాలకు దానమిచ్చారు, ఆ రాళ్లు ఈ రోజు ఏ మ్యూజియంలో ఉన్నాయి అని ఒక్క ప్రశ్నతో అడగొచ్చు, అక్కణ్నుంచి ఉజ్జయిని నాణేల డేటాలోకి కూడా వెళ్లొచ్చు. పీడీఎఫ్‌లతో ఇదే పని నెలలు పడుతుంది. శాసన పరిశోధకులు ఆర్లో గ్రిఫిత్స్, విన్సెంట్ టూర్నియే తొలి ఆంధ్రదేశ శాసనాలకు నంబర్లిచ్చి, పాఠాలను కంప్యూటర్ చదవగలిగే రూపంలో అందరికీ తెరిచి పెట్టారు కాబట్టి శాసనాల వరకు కష్టమైన పని చాలావరకు అయిపోయినట్టే.

ఇబ్బందులు లేవని కాదు. శాసనాల భాష ప్రాకృతం తెలిసినవాళ్లూ, మ్యూజియం రిజిస్టర్లు తెలిసినవాళ్లూ కలిసి కూర్చోవాలి, విసుగొచ్చే పని. వికీపీడియాకు తోబుట్టువైన ఉచిత డేటా నిధి వికీడేటాలో ఎవరైనా మార్చేయొచ్చు కాబట్టి ప్రతి వాక్యానికీ ఆధారం, పేజీ నంబరు తప్పనిసరి. మునిగిన ఓడలైతే కచ్చితమైన చోటు బయటపెడితే దొంగలకు దారి చూపినట్టే, అక్కడ అక్షాంశ రేఖాంశాలు దాచడమే న్యాయం. నాగార్జునకొండ మ్యాపులు ఎప్పుడో అచ్చయ్యాయి, ఇక్కడ ఆ టెన్షన్ లేదు.

నా ఓటు లింక్డ్ డేటాకే, స్కాన్లు దాని కింద పునాదిగా ఉండాలి. పోర్టల్ కావాలంటే ఆ డేటా మీద ఎవరైనా, ఎప్పుడైనా కట్టుకోవచ్చు. డబ్బు తక్కువుంటే తవ్వకాల సైట్ నంబర్లతో మొదలుపెట్టండి. సుబ్రహ్మణ్యం బృందం అవి ఎప్పుడో ఇచ్చే ఉంది, వాటికి శాశ్వత అడ్రసులు ఇవ్వడమే మిగిలింది. తెలుగు పేర్లు చేర్చడానికైతే ఎవరి అనుమతీ అక్కర్లేదు, వికీడేటాలో ఈ రోజే చేయొచ్చు.