మిద్దె మీద ఆరు చలికాలాలు: గ్రీన్ నెట్, ప్రోట్రేలు, గ్రో బ్యాగులు

మొగల్రాజపురం కొండ పక్కనే మా డాబా. పగలంతా కాగిన బండ రాత్రి పది దాటినా సెగ వదలదు. అలాంటి చోట క్యాబేజీ, కాలీఫ్లవర్, క్యారెట్ పండించాలని 2019లో పట్టుబట్టాను. అప్పటి నుంచి నీడకు గ్రీన్ నెట్, నారు పోసే ట్రేలు (ప్రోట్రేలు), మొక్కలు పెంచే సంచులు (గ్రో బ్యాగులు) వాడుతున్నాను. ఆరు చలికాలాలు గడిచాయి కాబట్టి వాటి మంచీ చెడూ ఇప్పుడు నమ్మకంగా చెప్పగలను.

విజయవాడలో చలి అంటే ఎంతని? డిసెంబర్, జనవరిలో రాత్రిళ్ళు 18, 19 డిగ్రీలకు దిగితే స్వెట్టర్లు బయటికి తీస్తాం. పగలు మళ్ళీ 30 దగ్గరే. దీపావళి వెళ్ళాక మొదలవుతుంది, రథసప్తమికి సడలుతుంది, శివరాత్రికి శివశివా అంటూ వెళ్ళిపోతుంది. చల్లదనం కోరే కూరగాయలకు దొరికేది ఆ మూడు నెలలే.

మొదటి ఏడు చలి రానీ అని దీపావళి అయ్యాకే విత్తనాలు వేశాను. నారు ఎదిగి, నాటి, మొక్క నిలదొక్కుకునేసరికి జనవరి వచ్చేసింది. పువ్వు కట్టే వేళకు ఫిబ్రవరి ఎండ. కాలీఫ్లవర్ గట్టిపడకుండానే విచ్చుకుపోయింది. క్యాబేజీ గడ్డ కట్టనే లేదు, ఆకులు పరుచుకుని ఉండిపోయాయి. నాలుగు నెలల చాకిరీ అలా పోతే చాలా బాధేసింది.

మా అమ్మాయి అమెరికాలో మినియాపోలిస్‌లో ఉంటుంది. ఫోన్లో ఈ సంగతి చెబితే, "అమ్మా, ఇక్కడ మాకు మే రెండో వారం దాకా మంచు భయమే. మళ్ళీ అక్టోబర్‌కల్లా చలి ముంచుకొస్తుంది. అందుకే టమాటా నారు మార్చి నెలాఖర్లో ఇంట్లోనే లైటు కింద పోసేస్తాం. బయట నాటేసరికి మొక్కకు ఆరు వారాల వయసుంటుంది. నువ్వూ నారు ముందే పోసెయ్యి" అంది. వాళ్ళను మంచు రెండు వైపుల నుంచీ తరుముతుంది, మనల్ని ఎండ తరుముతుంది. ఎక్కడైనా కిటుకు ఒకటే, మొక్క పసితనం ఆ కొద్దిపాటి మంచి కాలాన్ని తినెయ్యకూడదు.

అందుకే సామాన్లన్నిటిలో నేను పెద్దపీట వేసేది 98 గుంటల ప్రోట్రేకి. సెప్టెంబర్ మొదటి వారంలో గుంటకో గింజ వేస్తాను. అక్టోబర్ మొదట్లో నారు వేళ్ళు తెగకుండా మట్టిముద్దతో సహా ఊడి వస్తుంది, నాటిన మర్నాడే తలెత్తుకుని నిలబడుతుంది. గోల్డెన్ ఏకర్ క్యాబేజీ నాటాక 60, 65 రోజుల్లో వస్తుంది కనుక డిసెంబర్‌లో కోసుకోవచ్చు. కాలీఫ్లవర్లో కూడా తొందరగా కాపుకొచ్చే రకమే అడిగి తీసుకోవాలి. గట్టి చలి కావలసిన రకాలు మన దగ్గర పనికిరావు. నారుకు నాలుగు వారాలు నిండితే ఇక ఆలస్యం చెయ్యొద్దు. ఒకసారి ఊరెళ్ళి 45 రోజులు ట్రేలోనే వదిలేశాను, ఆ మొక్కలన్నీ బొత్తాలంత పువ్వులు పెట్టి ఆగిపోయాయి.

పల్చటి ట్రేలు రెండేళ్ళకే అంచులు విరిగాయి, మందమైనవి ఇప్పటికీ ఉన్నాయి. ట్రేల్లోకి కొబ్బరి పొట్టు, వర్మీ కంపోస్టు సగం సగం కలుపుతాను. మొదటిసారి కొబ్బరి పొట్టు అమ్మినతను కడగాలని చెప్పలేదు. అందులో ఉప్పుంటుంది, ఆకుల అంచులు మాడిపోయాయి. మూడుసార్లు నానబెట్టి పిండితే గానీ వాడొద్దు.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ వైపంతా నీళ్ళలో ఉన్న వారం, ట్రేల్లో తడి ఆరక నారు కాడ దగ్గర కుళ్ళి వాలిపోయింది. ఆ రోజుల్లో నారు మీద ధ్యాస కూడా లేదు. నెలాఖర్లో మళ్ళీ పోశాను, సంక్రాంతికి క్యాబేజీ చేతికొచ్చింది.

ఇక గ్రీన్ నెట్. ఎక్కువ నీడ ఉంటే ఎక్కువ మంచిదనుకుని మొదట 75 శాతం నీడనిచ్చేది కొన్నాను. నారు వెలుతురు కోసం సాగి దారాల్లా అయింది. తర్వాత కొన్న 50 శాతమే సరైనది. సెప్టెంబర్, అక్టోబర్ ఎండకు అది లేకపోతే లేత నారు మధ్యాహ్నానికే వడిలిపోతుంది. కానీ అమ్మేవాళ్ళు చెప్పని మాట ఒకటుంది. నవంబర్ సగానికల్లా నెట్ తీసెయ్యాలి. ఆ తర్వాత ఎండ ఏటవాలుగా పడుతుంది, పొద్దు కూడా తక్కువ. రెండో ఏడు నెట్ కట్టి అలాగే వదిలేస్తే క్యారెట్ ఆకు మోకాలెత్తు పెరిగింది, పీకితే చిటికెనవేలంత దుంప. ఇప్పుడు తీసేసి, ఫిబ్రవరిలో మళ్ళీ కడుతున్నాను. ఆఖరి కాలీఫ్లవర్లకు రెండు, మూడు వారాలు కలిసొస్తున్నాయి. అంతకు మించి ఏ నెట్ కూడా చలికాలాన్ని పొడిగించలేదు.

నెట్ ఉంటే పురుగు రాదని ఎవరైనా చెబితే నమ్మకండి. దాని కన్నాల్లోంచి రెక్కల పురుగులు హాయిగా దూరతాయి. క్యాబేజీ పక్కన రెండు సంచుల్లో ఆవాలు చల్లుతాను, పురుగు ముందు వాటి మీద వాలుతుంది. వారానికోసారి వేపగింజల కషాయం కొడతాను. పొద్దున్నే ఆకులు తిరగేసి చూసుకోవడం మాత్రం తప్పదు.

గ్రో బ్యాగులు బాగానే ఉన్నాయి. అడుగు లోతున్నవి కొంటే క్యారెట్‌కు కూడా సరిపోతాయి. క్యారెట్ నారు పోసి నాటేది కాదు, నేరుగా సంచిలోనే విత్తాలి. మట్టిలో గడ్డలుంటే దుంప చీలుతుంది కాబట్టి జల్లించి నింపాలి. మా డాబాకు కుదిరింది పూసా కేసర్ రకం, వేడిని కాస్త ఓర్చుకుంటుంది. సంచుల చెవులు మూడో ఏటికే తెగాయి, అయిదో ఏటికి అడుగు పొడిపొడిగా రాలింది. ఇటుకల మీద పెట్టినవి ఎక్కువ కాలం నిలిచాయి, స్లాబుకు చెమ్మ కూడా పట్టలేదు.

బఠాణీ మూడేళ్ళు వేసి మానేశాను. గుప్పెడు కాయల కోసం అంత నీళ్ళు అనవసరం.

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు, మడత పెట్టకుండా ఒక మూలకు లాగి కట్టేసిన నెట్ తెరచాపలా గాలి పట్టి, దాన్ని కట్టిన పైపును వంచేసింది. చిరిగిన ముక్కలు పక్క వాటాల మీద పడ్డాయి. కింద ఎవరికీ దెబ్బ తగలలేదు, అదే పదివేలు. ఆ తర్వాత కొన్న నెట్‌ను తీగతో బిగించకుండా కొక్కేలకు తగిలించాను. తుపాను కబురు రాగానే నేనొక్కదాన్నే పది నిమిషాల్లో చుట్టి మెట్ల కింద పెట్టేస్తాను.